పసుపు ఎర్రబడలేదు

"మేడమ్, మా ఎనుము తాగినోని మాదిరి తూగులాడతాంది."

ఫోన్లో ఈ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా వైపు ఎనుము అంటే గేదె. గేదె తాగి తూలుతూ నడవడం ఊహించుకుని, అన్నం బాక్సు మూత తీస్తూ కాస్త గట్టిగానే నవ్వాను. ఇది నవ్వే విషయం కాదని తెలిసింది ఆ తర్వాతి మాటకి.

"నువ్వు చెప్పిన యూరియా గడ్డే పెట్టినాం మేడమ్. నిన్న పొద్దున మొదలుపెట్టినాం."

చేతిలోని చిత్రాన్నం ముద్ద తిరిగి బాక్సులో పడింది. నేను నేర్పిన పద్ధతి వల్ల ఒక పశువు చచ్చిపోవడం అనేది అప్పటిదాకా నా పీడకలల్లోనే జరిగేది. ఇప్పుడు పీడకల నాకే ఫోన్ చేసి, ఎప్పుడొస్తావని అడుగుతోంది.

ఉరవకొండ అవతల ఒక పల్లెలో ఐదేళ్ళు పశువైద్య సహాయకురాలిగా పనిచేశాను. డాక్టర్ని కాను. డాక్టరు వచ్చేలోపు పశువు బతికుండేలా చూసే మనిషిని. మా ఆయనకు బత్తలపల్లెలో పని కుదిరాక ఉద్యోగం మానేశాను. ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసి, "అక్కా, ఈ పనిలో ముఖ్యంగా ఏం గుర్తుపెట్టుకోవాల?" అని అడిగింది. "బీరు సీసా ఒకటి ఎప్పుడూ బ్యాగులో పెట్టుకో" అన్నాను. పిచ్చిదాన్నని అనుకుని ఉంటుంది. అందుకే, పిల్లలిద్దరూ పడుకున్నాక, చిన్నవాడి ఊపిరి సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసి వచ్చి, ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయి కోసమూ, ఆమె తర్వాత వచ్చే చెల్లెళ్ళ కోసమూ.

ముందు యూరియా సంగతి. మా దగ్గర వానలు పడని ఏడు మేతకు వేరుశనగ కట్టె కూడా దొరకదు. అప్పుడు కాలవ కింది ఊళ్ళ నుంచి ట్రాక్టర్లలో వరిగడ్డి తెచ్చుకుంటారు. వరిగడ్డిలో బలం లేదు. పశువుకు కడుపు నిండుతుంది, ఒళ్ళు నిండదు. కొలత ప్రకారం యూరియాను నీళ్ళలో పూర్తిగా కరిగించి, గడ్డి మీద చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే గడ్డి మెత్తబడి కాస్త బలం వస్తుంది. కొలత తప్పినా, గడ్డలు కరగకపోయినా, అదే గడ్డి విషం. ఇదంతా నేను మీటింగు పెట్టి, చేసి చూపించి మరీ చెప్పాను.

ఆ మీటింగులో ముందు వరుసలో ఒక తాత కూర్చునేవాడు. నా ప్రతి మీటింగుకీ వచ్చేవాడు. నేను ఏం చెప్పినా "అట్లనే మ్మా, అట్లనే" అని తల ఊపేవాడు. నేను మంచినీళ్ళు తాగడానికి ఆగినా ఊపేవాడు. నాకు ఆయనంటే ముద్దు. కానీ ఒకసారి ఆయన మిగిలిన సంగటి దూడకు పెట్టాడని తెలిసి, పదిమంది ముందర ఆయన్ని కడిగేశాను. "తాతా, నీ తల ఊపుడు నమ్ముకుంటే నా ఉద్యోగం ఊడుతుంది" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, తల ఊపాడు. ఆ మాట ఎంత దూరం పోయిందో నాకు తర్వాత తెలిసింది.

ఇప్పుడు తూగులాడుతున్న గేదె ఆ తాత ఇంటిదే. ఫోన్ చేసింది ఆయన కోడలు. ఆమె భర్త బెంగళూరులో ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయాడు. ఇంట్లో ఆమె, మామ, ఇద్దరు చిన్నపిల్లలు, ఒక గేదె. భర్త పంపేది ఎప్పుడొస్తుందో తెలియదు కానీ గేదె ఇచ్చేది పొద్దునా సాయంత్రం తప్పకుండా వచ్చేది. ఆ ఇంటికి ఆ గేదె ఏమిటో ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

మా అటెండరన్నను స్కూటీ వెనక ఎక్కించుకుని బయల్దేరాను. ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషి. కొమ్ములున్న ఏ పశువుకూ భయపడడు, నా డ్రైవింగుకు మాత్రం భయపడతాడు. దారి పొడవునా ఆయన నస్యం పీలుస్తూ, "నిదానం మేడమ్, మనం సచ్చిపోతే ఎనుముకు దిక్కెవరు" అంటూనే ఉన్నాడు.

వెళ్ళేసరికి వాకిట్లో సగం ఊరుంది. "యూరియా మేడమ్ వచ్చె, జరగండి" అన్నారెవరో. అప్పటికే పేరు పెట్టేశారన్నమాట.

గేదె కాళ్ళు ముడుచుకుని పడి ఉంది. పళ్ళు కొరుకుతోంది. నోట్లోంచి చొంగ. కళ్ళు గుంటల్లోకి పోయాయి. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించాను. ఆరోగ్యంగా ఉన్న పశువుకు అక్కడ నిమిషానికి ఒకసారైనా, దూరంగా బండి పోతున్నట్టు, పొట్ట కదులుతుంది. మూడు నిమిషాలు చూశాను. ఏమీ లేదు.

చెల్లీ, ఇక్కడ నీకు కాస్త పాఠం చెప్పక తప్పదు, ఓర్చుకో. గేదె పొట్ట పెద్ద పులియబెట్టే తొట్టి. అందులో గడ్డిని అరగదీసేది గేదె కాదు, లెక్కలేనన్ని సూక్ష్మజీవులు. అవి బతకాలంటే ఆ తొట్టిలో నీళ్ళు మరీ పులుపూ కాకూడదు, మరీ క్షారమూ కాకూడదు. ఆ సమతూకాన్ని గేదె నెమరుతో కాపాడుకుంటుంది. నమిలేకొద్దీ ఊరే చొంగలో ఉండేది మన వంటింట్లోని సోడా ఉప్పే. రోజంతా కూర్చుని, బకెట్ల కొద్దీ సోడానీళ్ళు తనే తయారుచేసి తనే మింగుతుంది. ఇంత గొప్ప రసాయనశాల నీ ముందు తోక ఊపుతుంటే నువ్వు దాన్ని ఎనుమంటావు.

యూరియా ఎక్కువైతే ఆ తొట్టిలో అమ్మోనియా పుట్టి, అంతా క్షారమైపోతుంది. విరుగుడు పులుపు: పులిసిన మజ్జిగో, చింతపండు రసమో, చల్లటి నీళ్ళతో. అన్నమో పిండో తీపో ఎక్కువైతే విపరీతంగా పులిసి, అంతా ఆమ్లమైపోతుంది. విరుగుడు సోడా. రెండింటికీ మందు వంటింట్లోనే ఉంది. చిక్కల్లా ఒకదాని మందు రెండోదానికి విషం. పైకి చూస్తే నాలాంటి కంగారు మనిషికి రెండూ ఒకేలా కనిపిస్తాయి: పడిపోవడం, పళ్ళు కొరకడం, పొట్ట ఆగిపోవడం.

వాసన చూస్తే తెలిసిపోవాలి. అమ్మోనియా అయితే ముక్కు మండుతుంది, పులుపైతే పుల్లటి కంపు కొడుతుంది. కానీ నా ముక్కు ఆ వారం పిల్లల జలుబుతో పూర్తిగా మూసుకుపోయి ఉంది. అటెండరన్న ముక్కు ముప్పై ఏళ్ళ కిందటే నస్యానికి అంకితమైపోయింది. ప్రభుత్వం తరఫున అక్కడికి నాలుగు ముక్కు రంధ్రాలు వచ్చాయి, ఒక్కటీ పనిచేయదు.

అయినా నాకు అనుమానమే రాలేదు. యూరియా పెట్టారు, పడిపోయింది. తప్పు నాదే అని గుండె అప్పటికే తీర్పు చెప్పేసింది. భయపడ్డ మనిషి తన తప్పును ఎంత తొందరగా నమ్ముతుందో ఆరోజే చూశాను.

"ఇంట్లో పులిసిన మజ్జిగ ఎంతుంటే అంత తెండి" అని అరిచాను.

నాలుగిళ్ళ నుంచి చెంబులు వచ్చాయి. పశువుకు మందు తాగించాలంటే మా దగ్గర వాడేది బీరు సీసా. పొడుగు మెడ, గట్టి గాజు. సాయంత్రం మనుషులకు పనికొచ్చేది పొద్దున పశువులకు పనికొస్తుంది. అటెండరన్న గేదె దవడ పట్టుకుని తల ఎత్తాడు. నేను ఒక సీసా మజ్జిగ నోట్లో పోశాను. గుటకలు పడ్డాయి. రెండో సీసా నింపాను.

సరిగ్గా అప్పుడే గేదె పేడ వేసింది. పేడ అనకూడదు దాన్ని, కుళాయి అనాలి. నీళ్ళలా, బూడిద రంగులో, సగం నా చుడీదార్ మీద పడింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకున్నారు. ఇద్దరు ఆపుకోలేదు. నేను సీసా కింద పెట్టి, గుడ్డతో తుడుచుకుంటుంటే వేలికి ఏదో గుచ్చుకుంది. తీసి చూశాను.

లవంగం.

వరిగడ్డిలో లవంగం ఎక్కడిది?

"అన్నా, ఇది చూడు" అని అటెండరన్నకు చూపించాను.

ఆయన దాన్ని వెలుతురులో పెట్టి, తిప్పి చూసి, "లవంగమే మేడమ్. మంచి సరుకు" అన్నాడు.

కోడలి వైపు తిరిగాను. "ఏమి పెట్టినావమ్మా దీనికి?"

"నేనేమీ పెట్టలా మేడమ్. పిల్లోల్ల మీద ఒట్టు. నువ్వు చెప్పిన గడ్డే. అదీ బుట్టెడే."

"తాతా, నువ్వు?"

తాత ఆకాశంలోకి చూస్తున్నాడు. "ఏమీ లేదు మ్మా" అన్నాడు. జీవితంలో మొదటిసారి తల ఊపలేదు.

డాక్టరు సారుకు ఫోన్ చేశాను. ఆయన కళ్యాణదుర్గంలో మీటింగులో ఉన్నాడు. గుసగుసగా విని, గుసగుసగానే తిట్టాడు. "తేల్చుకోకుండా మజ్జిగెట్లా పోసినావు? పులిసిన పొట్ట మీద ఇంకా పులుపు పోస్తే చస్తాది. గొట్టం వేసి పొట్టలో నీళ్ళు తీసి పీహెచ్ చూడు. చూసేదాకా ఇంకో చుక్క పోయొద్దు. నేను బయల్దేరతాండా, రెండు గంటలు పడుతుంది."

పీహెచ్ కాగితాలు నా బ్యాగులో ఎప్పుడూ ఉంటాయి. చిన్న డబ్బా, సన్నటి కాగితాలు, డబ్బా మీద రంగుల పట్టీ. తడిపిన కాగితం ఎర్రబడితే ఆమ్లం, ఆకుపచ్చయితే సమంగా ఉన్నట్టు, నీలమైతే క్షారం. బ్యాగు తెరిచి, డబ్బా మూత తీశాను.

ఖాళీ.

"అన్నా! మొన్న నువ్వే కదా సర్దినావు?"

"నేను సర్దినప్పుడు నిండుగా ఉండె మేడమ్."

"నిండుగా ఉంటే యాడికి పోతాయి? కాళ్ళొచ్చి నడిచిపోతాయా? ముప్పై ఏళ్ళ సర్వీసు, ఒక డబ్బా సర్దడం రాదు!"

అందరి ముందరా అన్నాను. ఆయన నస్యం డబ్బా తీసి, పీల్చకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

రెండు గంటలు. గేదె ముక్కు చివర ఎండిపోయి పగులుతోంది. కోడలు బకెట్టుతో నీళ్ళు తెచ్చింది. "దప్పికతో సస్తాంది మేడమ్, కండ్లు సూడు ఎట్ల పోయినాయో. నీళ్ళన్నా పెట్టనీ."

నేను డొక్క మీద చేయి పెట్టి ఊపాను. లోపల నిండు కుండ కదిలినట్టు గళగళమంది. ఆ చప్పుడు విని ఆమె బకెట్టు కింద పెట్టింది. ఒళ్ళంతా ఎండిపోతోంది, పొట్టలో మాత్రం బిందెల కొద్దీ నీళ్ళు. నీటి గుణమే అంత. ఎటు చిక్కదనం ఎక్కువుంటే గోడలు దాటుకుని అటే పోతుంది. పొట్టలో ఏదో విపరీతంగా చిక్కబడి, రక్తంలోని నీళ్ళన్నీ అటు లాగేసుకుంటోంది. మా జిల్లాలో నీళ్ళు ఎప్పుడూ అవసరమున్న చోట ఉండవు కానీ, గేదె లోపల కూడా అదే పద్ధతి అమలవుతుందని నేననుకోలేదు.

ఇది యూరియా లక్షణం కాదేమోనని అప్పుడు గట్టిగా అనిపించింది. కానీ అనిపించడం వేరు, తేలడం వేరు. ఇందాక అనిపించిందాని ప్రకారమే కదా మజ్జిగ పోశాను.

తల తిప్పితే, గేదె కట్టే గుంజ పక్కన ఒక పళ్ళెంలో ఎర్రనీళ్ళు కనిపించాయి.

"అదేంది?"

"దిష్టి తీసినా మేడమ్ పొద్దున" అంది కోడలు సిగ్గుపడుతూ. "నువ్వు తిడతావని..."

పసుపూ సున్నమూ కలిపిన నీళ్ళు. పసుపు సున్నంలో ఎందుకు ఎర్రబడుతుంది? సున్నం క్షారం కాబట్టి. డిగ్రీలో ఈ ముక్క రాసి మార్కులు తెచ్చుకున్నాను. దిష్టి నీళ్ళు తీసే ప్రతి ముసలమ్మా నాకన్నా ముందు నుంచీ అదే ప్రయోగం చేస్తోంది, మార్కులు లేకుండా. పొట్టలో అమ్మోనియా ఉంటే ఆ నీళ్ళు తగిలిన పసుపు ఎర్రబడాలి. పులుపైతే పసుపు పసుపుగానే ఉండాలి.

"పసుపు రాసిన తెల్లకాగితం ఏదన్నా ఉందా?"

ఎవరికీ అర్థం కాలేదు. అటెండరన్నకు అర్థమైంది. అప్పుడే తిట్టించుకున్న మనిషే లోపలికి పోయి, గోడకు గుచ్చి ఉన్న పెళ్ళిపత్రిక తీసుకొచ్చాడు. నాలుగు మూలలా శుభ్రంగా పసుపు. నాలుగు మూలలు, నాలుగు పరీక్షలు. ఏ కంపెనీ తయారుచేయని పీహెచ్ కాగితం.

"దేవుని బొమ్మ ఉండాది మేడమ్, సూసుకోండి" అన్నాడు మెల్లగా.

"దేవుని మీద పడకుండా పోస్తాలే అన్నా."

మొదటి మూల మీద, ఇంట్లోంచి తెప్పించిన సున్నపు నీళ్ళ చుక్క వేశాను. ఎర్రబడింది. అంటే ఈ పసుపు పనిచేస్తుంది. రెండో మూల మీద మజ్జిగ చుక్క. పసుపు అలాగే ఉంది. ఇద్దరం కలిసి గేదె గొంతులోకి గొట్టం దించి, పొట్టలోంచి గ్లాసెడు నీళ్ళు లాగాం. పాలు విరిగినట్టున్నాయి. మూడో మూల మీద ఒక చుక్క వేశాను.

విషయం తెలియకపోయినా అందరూ వంగి చూశారు.

పసుపు ఎర్రబడలేదు.

నేను పోసిన సీసా మజ్జిగ వల్ల ఇలా అయిందా? ఇంత పెద్ద తొట్టిలో ఒక్క సీసా ఏం చేస్తుంది? అయినా నాలుగో మూల మీద ఇంకో చుక్క వేశాను. ఇంకాసేపు చూశాను. పసుపే.

యూరియా కాదు. నాకు ఏడుపొచ్చింది. దేనికని చెప్పను? గేదె ఇంకా చావు ముందరే ఉంది, నాకేమో నేను తప్పించుకున్నానని ఏడుపు. సిగ్గుపడాల్సిన ఏడుపే. కళ్ళు తుడుచుకుంటుంటే చేతిలోని పెళ్ళిపత్రిక మీద పెళ్ళి రోజు కనిపించింది. మొన్నటిదే. పక్క వీధిలో పెళ్ళి.

తాత పక్కన కూర్చున్నాను. "తాతా, ఇది యూరియా కాదు. ఇది వేరే ఏదో తిని ఉండాది. ఏమి తినిందో తెలిస్తేనే మందు పోస్తా. చెప్పు."

ఆయన నా వైపు చూడలేదు. "తిట్టనంటే చెప్తా" అన్నాడు.

అరవై ఐదేళ్ళ మనిషి. నా కొడుకు కూడా సరిగ్గా ఇదే గొంతుతో అంటాడు.

"తిట్టను."

"పెండ్లింట్లో అన్నం మిగిలిపోయిందమ్మా. గుంతలో పోస్తామంటా ఉండిరి. అన్నం పారేస్తే కరువొస్తాదని, నేనే నిన్న సాయంత్రం రెండు బకెట్లు మోసుకొచ్చినా. పలావన్నం. బక్కదైపోయింది గదా, ఇంత తింటే లేస్తాదని..."

కరువొస్తుందట! అప్పటికే వచ్చి, కాళ్ళు చాపుకుని, మా మండలంలో ఓటరు కార్డు కూడా తీసుకున్న కరువు.

"రెండు బకెట్లేనా?"

తాత గొంతు తగ్గించాడు. "బూందీ కూడా. తట్టెడు."

కోడలు తలకు చేయి పెట్టుకుంది. "అయ్యో మామా! పిల్లోల్లు అడిగితే అయిపోయిందంటివే!"

నేను తిట్టలేదు. తిట్టడానికి టైము లేదు, అంతే. "సోడా ఉప్పు కావాల. అరకిలో."

అంగట్లో చిన్న చిన్న పొట్లాలు మాత్రమే ఉన్నాయి. ఊళ్ళో అంత సోడా ఉండేది బజ్జీల బండి ఆమె దగ్గరే. ఆమె ఆ గుంపులోనే నిలబడి చూస్తోంది.

"సోడా అంతా ఇస్తే సాయంత్రం నా బజ్జీలు పొంగేదెట్లమ్మా?"

"ఒక్క దినం పొంగని బజ్జీలే తింటాం లేమ్మే, పోయి తే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

తెచ్చింది. పాపం, పరుగెత్తుకుంటూ తెచ్చింది. గోరువెచ్చని నీళ్ళలో అంతా కలిపి, గొట్టం ద్వారా నిదానంగా పొట్టలోకి వదిలాం. పులుపూ సోడా కలిస్తే గ్యాసు పుడుతుంది. అది బయటికి రాకపోతే పొట్ట ఉబ్బి ఇంకో ప్రమాదం. అటెండరన్న గొట్టం పట్టుకుని, డొక్క రుద్దుతూ కూర్చున్నాడు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు.

తర్వాత గేదె త్రేన్చింది.

మామూలు త్రేన్పు కాదది. పెళ్ళి భోజనం మొత్తాన్ని, వంటవాళ్ళతో సహా, ఒక్కసారిగా తలుచుకున్నట్టు త్రేన్చింది. వీధి చివర కుక్క మొరిగింది. అటెండరన్న ముఖం పక్కకు తిప్పుకుని, దగ్గి, తుమ్మి, "మేడమ్! నాకు వాసనొచ్చింది! పులుపు!" అన్నాడు. ముప్పై ఏళ్ళ నస్యాన్ని ఛేదించుకుని వచ్చిన వాసన. ఈసారి ఎవరూ నవ్వు ఆపుకోలేదు. కోడలు కూడా నవ్వింది, ఏడుస్తూనే.

డాక్టరు సారు వచ్చి, పెద్ద గొట్టం వేసి పొట్ట కడిగాడు. బయటికి వచ్చిన అన్నం చూసి, "ఎంత మంది బంధువులొచ్చినారప్పా ఆ పెండ్లికి? ఎవురూ తిన్నట్టు లేరే" అన్నాడు. రక్తంలోకి సెలైను, సోడా ఎక్కించాడు. పెళ్ళిపత్రికను అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను చూసి, తన బ్యాగులో పెట్టుకున్నాడు. ఆయన నుంచి నాకు దొరికిన ఏకైక మెప్పు అదే.

"రేపు పొద్దునకు నెమరేస్తే బతికినట్టు. లేకుంటే లేదు" అన్నాడు వెళ్ళబోతూ.

సాయంత్రం ఇంటికి పోయాను. చిన్నవాడు నా చుడీదార్ చూసి ముక్కు మూసుకున్నాడు. అన్నం తినిపిస్తూ, అలవాటుగా "ఇంకో ముద్ద" అన్నాను. ఆ మాట నోట్లోంచి రాగానే నాకు తాత బకెట్లు గుర్తొచ్చాయి. ఇంత తింటే లేస్తాదని. ముద్ద నేనే తినేశాను.

ఆ రాత్రంతా ఒకటే ఆలోచన. తాత ముందే చెప్పి ఉంటే నేను మజ్జిగ పోసేదాన్ని కాదు. తాత ఎందుకు చెప్పలేదు? నేను తిడతానని. కోడలు దిష్టి పళ్ళెం సంగతి ఎందుకు దాచింది? నేను తిడతానని. నా మీటింగుల్లో పశువుల గురించి ఎంత నేర్పానో తెలియదు కానీ, నా దగ్గర దాచడం మాత్రం ఊరంతటికీ చక్కగా నేర్పాను. తల ఊపితే నేను సంతోషపడతానని ఆ తాతకు అర్థమైంది. అందుకే ఊపేవాడు. చెల్లీ, నీ మీటింగులో ఎవరైనా మరీ ఎక్కువ తల ఊపుతుంటే, పాఠం ఆపి, ఆయన పక్కన కూర్చుని, ఇంట్లో పశువు ఏం తిందో అడుగు. అడిగాక తిట్టకు. బీరు సీసా కన్నా ఇది ముఖ్యం. అయినా సీసా కూడా పెట్టుకో.

పొద్దున ఆరింటికి ఫోన్ మోగింది. పేరు చూసి, ఎత్తడానికి భయపడి, మూడు రింగులు పోనిచ్చాను.

"మేడమ్, నెమరేస్తాంది!" అంది కోడలు. వెనక నుంచి తాత గొంతు వినిపించింది, "చెప్పమ్మా, గడ్డి తప్ప ఏమీ పెట్టలేదని చెప్పు!"

పాలు సగానికి పడిపోయి, మళ్ళీ మామూలు కావడానికి నెల పట్టింది. యూరియా మేడమ్ అనే పేరు మాత్రం నేను ఊరు వదిలేదాకా పోలేదు.

ఆ పొద్దున ఫోన్ పెట్టేసి, పిల్లలిద్దరినీ లేపి, పక్క మీదే కూర్చోబెట్టాను. అప్పటికి పెద్దదానికి ఏడేళ్ళు, చిన్నవాడికి నాలుగు. గేదె సంగతంతా చెప్పాను. త్రేన్పు దగ్గర రెండుసార్లు ఆపి, మళ్ళీ చేసి చూపించమన్నారు. చూపించాను. తర్వాత, "చూడండి, మీరు ఏం తిన్నా, ఏం తాగినా, ఏం చేసినా ముందు నాకు చెప్పండి. నేను తిట్టను" అన్నాను.

ఇద్దరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు తెలుసు.

"నిజంగా తిట్టవా?" అన్నాడు చిన్నవాడు.

"తిట్టను."

"నీ బ్యాగులో రంగు కాగితాలు నేనే తీసుకున్నా."

నా నోట్లోంచి రాబోయిన మాటను పళ్ళతో పట్టుకున్నాను. అటెండరన్న జేబులోకి తిరిగి పోయిన ఆ నస్యం డబ్బా గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఆఫీసుకు పోగానే ఆయనకు అందరి ముందరా క్షమాపణ చెప్పాలి. తిట్టింది అందరి ముందరే కదా.

"ఎందుకురా?"

"నాకితే రంగు మారతాయి మా. అన్నీ నాకినా."

"నేను వద్దని చెప్పినా" అంది పెద్దది. తమ్ముడు గుర్రుగా చూసేసరికి, "నేను రెండే నాకినా" అంది.

ఇద్దరి నోళ్ళూ తెరిపించి చూశాను. నాలుకలు మామూలుగానే ఉన్నాయి. కాగితాలు మింగలేదని, పరుపు కింద దాచారని తెలిసింది. తీసి చూపించారు. కట్ట కట్టి, రబ్బరు బ్యాండు వేసి పెట్టుకున్నారు.

"నాకితే ఏ రంగొచ్చింది?"

"ఆకు రంగు" అన్నాడు చిన్నవాడు, ఇంకా నా చేతుల వైపే చూస్తూ. "అన్నీ ఆకు రంగే. తప్పా మా?"

"తప్పు కాదు నాయనా. ఆకుపచ్చ అంటే మీరిద్దరూ బాగున్నారని" అని చెప్పాను. "ఇప్పుడు పోయి నోళ్ళు కడుక్కోండి."